అక్క ఇచ్చిన రెండో మనువు

కోవిల్‌పట్టి,
12 జనవరి 2025.

అక్కా,

బాగున్నావా అని అడగను. బాగున్నవాళ్ళు రాసే ఉత్తరం కాదది. బావ పోయి పది నెలలయింది, ఆయన పింఛను ఆయనతోనే ఆగిపోయింది, నీకు రావలసిన కుటుంబ పింఛను ఇంకా మొదలే కాలేదు. ఇదంతా మూడు ముక్కల్లో ముగించి, "ఎవురి దగ్గరో పోయి చేయి చాపేది నాకు చేతకాదు" అని నాలుగో ముక్క రాశావు. అది చదివి అచ్చాఫీసులో మెషిన్ ఆపేశాను. అగ్గిపెట్టెల లేబుళ్ళు సగంలో నిలిచిపోయాయి, సాత్తూరు షావుకారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. చేసుకోనీ.

చేయి చాపడమా? ముత్తుకృష్ణన్ బావ హవల్దారుగా దిగిపోయేదాకా మంచులోనూ ఇసుకలోనూ నిలబడ్డాడు. సరే. ఆయనొక్కడే నిలబడ్డాడా? ఇక్కడ ఈ నల్లరేగడిలో జొన్న కోసింది ఎవరు? మంచంపట్టిన అత్తకు గంజి పోసింది ఎవరు? నీ కూతురు కలైసెల్వికి జ్వరమొస్తే రాత్రంతా ఒంటరిగా కూర్చున్నది ఎవరు? ఈ దేశం ఒకరికి జీతమిచ్చి ఇద్దరి చేత పని చేయించుకుంది. కుటుంబ పింఛను అంటే ఆ రెండో మనిషికి ఆలస్యంగా ఇచ్చే కూలి. దానం కాదు, దయ కాదు. జనవరి ఇరవై ఆరున టీవీ ముందు లేచి నిలబడి చెయ్యెత్తి దండం పెట్టే పెద్దమనుషులందరినీ నేనొకటే అడుగుతాను. ఆ కవాతులో నడిచేవాడి ఇంట్లో ఎవరుంటారో ఒక్కసారన్నా ఆలోచించారా? ఆలోచించరు. జెండాకు కడుపు ఉండదు కాబట్టి దాన్ని ప్రేమించడం సులువు.

విరుదునగర్ కలెక్టరాఫీసు ఆవరణలోనే మాజీ సైనికుల సంక్షేమానికి ఒక ఆఫీసు ఉంది. పింఛను, వైద్యం కార్డు, అన్నిటికీ అక్కడే దారి చెప్తారు. పో. ఎవరైనా కసిరితే పేరు రాసి పంపు, మిగతాది నేను చూసుకుంటాను.

ఇంకొక మాట, కోపగించుకోకు. నీకు యాభై మూడేళ్ళు. బావతో పాటు నిన్ను ఎవరూ పూడ్చలేదు. రేపు నీ బతుకులో నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా, కులం వాళ్ళు ఏమన్నా, మొదటి సంతకం నాది.

చివరగా, నీ తెలుగు. సగం తమిళమే రాస్తున్నావు. మన రెండిళ్ళలో తెలుగు అందరూ మాట్లాడతారు, అక్షరం వచ్చినవాళ్ళం మాత్రం మనిద్దరమే. బావ బారకుల్లో ఒక కడప సిపాయి దగ్గర నేర్చుకుని, తన ఉత్తరాలను మీ అత్త ఇంకొకరి చేత చదివించుకోకుండా నీకు నేర్పాడు. నువ్వు నాకు నేర్పావు. దాన్ని కాపాడుకోవద్దా? తమిళం వాడు "గురు" అంటాడు, మనం "గురువు" అనాలి. "పశు" కాదు, "పశువు". చివర ఆ "వు" చేర్చడానికి నీ చేతికేం నొప్పి?

ఎప్పటిలాగే కోపంగా,
నీ తమ్ముడు
అళగర్సామి


విరుదునగర్,
28 జనవరి 2025.

తమ్ముడు అళగర్సామికి అక్క చిన్నతాయి దీవెనలు.

నీ జాబు వచ్చె. కవరు ముట్టుకొంటేనే వేడిగా ఉండె. అక్షరం నేర్పింది నేను, తప్పులు దిద్దేది నీవు. కానీ, పెద్ద అచ్చాఫీసు వోనరువి, చెప్పినట్టే రాస్తా.

మోకాలు అట్లే ఉండాది. మెట్లు దిగేటప్పుడు మాత్రం అది నా కాలు కాదు, ఎవురిదో అప్పు తెచ్చుకొన్నట్టు ఉంటుంది. కలైసెల్వి పప్పు మిల్లులో లెక్కలు రాసి సాయంత్రం ఏడుకు వస్తుంది. ఉండేది ఒక ఫోను, అది దానితోనే పోతుంది దానితోనే వస్తుంది. నీవు ఫోన్ చేసి ఈ సంగతి ఏదీ దాంతో ఎత్తవద్దు.

నీవు చెప్పిన చోటికి పోతిని. బెంచీ ఉండాది, ఫాను తిరుగుతుంది, కుండలో నీళ్ళు పెట్టినారు. ఎవురూ కసరలేదు. నీకు కొంచెం నష్టమే. అక్కడ గోవిందసామిని చూస్తిని. గుర్తుండాదా, బావతో ఒకే కంపెనీలో ఉండె, నరికుడి పక్క ఊరు. మా పెండ్లికి లీవు పెట్టుకొని వచ్చి పందిట్లో వడ్డించినాడే, ఆయనే. సుబేదారుగా దిగినాడంట. పెండ్లాం పోయి నాలుగేండ్లు అయ్యెనంట. కొడుకు సెంథిల్‌కుమార్ సైకిల్ షాపు రైలు స్టేషను వెనక వీధిలో, దాని పైనే ఇల్లు. పొద్దున్నే వచ్చి ఆ బెంచీలో కూర్చొని, దారి తెలీక వచ్చే ఆడోళ్ళకు ఏ గదికి పోవాలో చెప్తాడు. నన్ను చూసి లేచి నిలబడి, "వదినా, ముత్తు చెప్పకనే పోయినాడే" అని కండ్లు తుడుచుకొనె.

ఇంక అసలు మాట. నీవు రాసినది మనసులో పెట్టుకొని, ధైర్యం చేసి, మనువు ఇచ్చేస్తిని. ఇది రెండోది. మొదటి మనువు చెల్లదు అనేసిరి. నాకు కండ్లలో నీళ్ళు వచ్చె. గోవిందసామే, "పోయినదాన్ని తలచి ఏడ్చేది ఏంటికి వదినా, ఇంకొకటి ఇస్తే అయిపాయ, దీంట్లో సిగ్గేముంది" అని చెప్పి తోడు వచ్చె. ఆఫీసులో ఇద్దరమూ సంతకం పెడితిమి. ముద్ర గుద్దిరి. బయటికి వచ్చి ఆయన నాకు టీ ఇప్పించె.

కలైసెల్వికి ఇంకా చెప్పలేదు. బయపడుతుంది. అంతా కుదిరినాక చెప్తా. నీవూ వాయి తెరవవద్దు.

కారం సేవు పొట్లం బస్సులో పంపినా, తీసుకో.

అక్క
చిన్నతాయి


కోవిల్‌పట్టి,
3 ఫిబ్రవరి 2025.

అక్కా, నా అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "మనువు ఇచ్చేస్తిని." ఏం వాక్యం రాశావు! ఈ మాటలో ఎప్పుడూ తండ్రి ఇస్తాడు, అన్న ఇస్తాడు, ఆడమనిషి ఇవ్వబడుతుంది. నువ్వు మాత్రం నిన్ను నువ్వే ఇచ్చుకున్నావు. పాతికేళ్ళుగా కరపత్రాల మీద కరపత్రాలు అచ్చువేసి నేను చెప్పలేకపోయింది నువ్వు సేవు పొట్లం కబురుకు ముందు ఒక్క ముక్కలో చెప్పేశావు.

మొదటి మనువు చెల్లదన్న ఆ పెద్దమనిషి ఎవరో గాని, దాన్ని పట్టించుకోకు. చెల్లుబాటును కాగితాలు నిర్ణయించవు. బావతో నీ బతుకు చెల్లింది, ఇక ముందుదీ చెల్లుతుంది. ఆఫీసులో చేసుకోవడం మరీ మంచిది. మేళం లేదు, అయ్యవారు లేడు, పొగ లేదు. ఒక సంతకం, ఒక ముద్ర, ఒక టీ. నా అభిప్రాయంలో లోకమంతా ఇట్లాగే జరగాలి.

ఇప్పుడు నా కోపం దేనిమీదో చెప్తాను. సహచరుడు దొరికాడని తెలిసిన క్షణం పింఛను ఆపేసే ఆ నియమం మీద. ఎంత క్రూరం. అంటే నీ కష్టానికి కూలి కాదన్నమాట, నీ ఒంటరితనానికి అద్దె. ఒంటరిగా ఉన్నంతకాలం ఇస్తారు, పక్కన ఒక మనిషి కూర్చుంటే లాక్కుంటారు. ఈ దేశం సైనికుడి భార్యను గౌరవిస్తుందట, ఆమె ఏడుస్తూ కూర్చుంటేనే. నవ్విందంటే అర్హత పోయింది. దీనిమీద నేను రాస్తాను, అచ్చువేస్తాను, బస్టాండులో పంచుతాను. నువ్వు మాత్రం వెనక్కి తగ్గకు. పింఛను పోతే పోనీ. వైధవ్యాన్ని వదిలించుకుని పునఃపరిణయానికి నిలబడిన మనిషివి నువ్వు, ఒక సాహచర్యం ముందు ఆ పింఛను ఎంత?

నోరు తెరవొద్దన్నావు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కాని గోవిందసామికి రాయకుండా ఉండలేకపోయాను. ఆయనకు తెలుగు లిపి రాదు కదా, తమిళంలోనే వివరంగా రాశాను. దాంతో పాటు మన అచ్చాఫీసులోనే మంచి అట్ట మీద ఒకటి అచ్చువేసి నమూనా పంపాను. సాదాగా, దేవుడి బొమ్మ లేకుండా. తేదీ చోటు ఖాళీగా ఉంచాను, అది మీ ఇద్దరి ఇష్టం.

గర్వంగా,
నీ అళగర్సామి


విరుదునగర్,
20 ఫిబ్రవరి 2025.

తమ్ముడు అళగర్సామికి,

దీవెనలు ఈ పొద్దు అర్ధమే. మిగిలిన అర్ధం నీవు ఏం చెప్తావో చూసి ఇస్తా.

ఒక మనువు ఇచ్చినదానికి ఇంత సంబరమా నీకు? నేను ఇచ్చిన సోమవారం నాతోటి ఎంతమంది ఇచ్చిరని తెలుసునా? వరుస మెట్లదాకా ఉండె. సోమవారమైతే కలెక్టరే కూర్చొని తీసుకొంటాడు. నా ముందర నిలబడిన ముసలామెకు అది ఏడో మనువంట. రేషను కార్డు కోసరం. పాపం, ఇచ్చి ఇచ్చి చెప్పు అరిగిపాయ అనె.

నీ జాబులో సగం నాకు తెలీలేదు. "పునఃపరిణయం" అని రాసినావు, అదీ ఒక ఫారమేమో, మనం పెట్టలేదేమోనని బయపడి ఆఫీసులో అడిగితిని. ఎవురికీ తెలీలే. ఇంకొకటి, సహచరుడు ఉంటే పెన్సను ఆపేస్తారని రాసినావు. నాకు నిద్ర పోయె. తోడు మనిషిని తీసుకొని పోతే ఆపేస్తారా అని అక్కడి అమ్మాయిని అడిగితే, "తోడు వస్తే మాకేం అమ్మా, మెట్లు ఎక్కించేదానికి మంచిదే గదా" అని నవ్వె.

అది పోనీ. "పింఛను పోతే పోనీ" అని ఎట్లా రాసినావు తమ్ముడా? నీకు అచ్చాఫీసు ఉండాది. నాకు ఏముండాది? పండక్కి మనవరాలికి ఒక గౌను కొనాలంటే కలైసెల్వి ముఖం చూడాల. అది ఏమీ అనదు. అనదు కాబట్టే నాకు కష్టం. బావ సంపాదించి పెట్టినది నాకు రావాలని నీవే గదా రాసినది? నెల తిరగకనే మాట మార్చేస్తివి. ఆ ముక్క చదివి రెండు పొద్దులు నీమీద కోపంగా ఉంటిని.

మొదటి మనువు ఏంటికి చెల్లలేదో అప్పుడు సిగ్గుపడి రాయలేదు, ఇప్పుడు రాస్తా. మా అత్త పేరూ చిన్నతాయే. ఇంటికి వచ్చిన కోడలిని అత్త పేరు పెట్టి "ఏమే చిన్నతాయీ" అని పిలిస్తే అత్తకు మర్యాద పోతుందని, పెండ్లి పందిట్లోనే నా పేరు లక్ష్మియమ్మాళ్ అని మార్చిరి. బావ మిలిటరీ పుస్తకంలో అదే రాయించినాడు. పుట్టింటి పేరే నా ఓటు కార్డులో, ఆధారులో, బ్యాంకులో. ఇప్పుడు ఏమాయ? పుస్తకంలో భార్య లక్ష్మియమ్మాళ్, తల్లి చిన్నతాయి. నేను చిన్నతాయి అని కార్డు చూపిస్తిని. ఆ అమ్మాయి పుస్తకం చూసి, నన్ను చూసి, మెల్లిగా అడిగె: "అమ్మా, మీరు ఆయనకు తల్లి గదా?" నన్ను బావకు అమ్మను చేసేసిరి, అళగర్సామీ. వాళ్ళ తప్పు కాదు. మన ఇంటి మర్యాద తప్పు.

ఆ ఇద్దరూ ఒకటే మనిషి అని విచారణ పెట్టినారు. మార్చి పదో తేదీ. పెండ్లిలో ఉన్నవాళ్ళు, బావతో పని చేసినవాళ్ళు ఒకరు వచ్చి చెప్పాల. అట్లా మిగిలినది గోవిందసామి ఒక్కడే. ఆయన కనపడలేదు. పది పొద్దులుగా ఆ బెంచీ ఖాళీ. సైకిల్ షాపుకు పోతే కోడలు మెట్ల మీదనే నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసి, "మామకు ఒంట్లో బాగలేదు, ఇంక ఈ పక్కకు రావద్దు" అనె. నేనేం తప్పు చేసినా? నీవేమో ఆయనకు జాబు రాస్తినంటివి. అట్ట అంటివి. ఏం అట్ట అది? ఆయన రాకపోతే నా మనువు ఈసారీ పోతుంది. మూడోది ఇచ్చే ఓపిక నాకు లేదు.

చిన్నతాయి
(మిలిటరీ పుస్తకంలో మీ బావకు అమ్మ)


కోవిల్‌పట్టి,
24 ఫిబ్రవరి 2025.

అక్కా,

కూర్చో. పక్కన నీళ్ళు పెట్టుకో. ఆ తర్వాత చదువు.

మనం కలెక్టరుకు ఇచ్చే అర్జీని తమిళంలో మను అంటారు. దానికి నువ్వు "వు" చేర్చావు. చేర్చమన్నది నేనే. గురువు, పశువు, మనువు. నువ్వు నా సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించావు. కాని అక్కా, తెలుగులో మనువు అంటే అర్జీ కాదు. పెండ్లి.

నువ్వు పెండ్లి చేసుకున్నావనుకున్నాను. రెండోది, గోవిందసామితో, రిజిస్ట్రారాఫీసులో. పునఃపరిణయం ఫారం కాదు, మళ్ళీ పెండ్లి. సహచరుడు అంటే మెట్లు ఎక్కించేవాడు కాదు, మొగుడు. నువ్వు మళ్ళీ పెండ్లాడితే మామూలుగా కుటుంబ పింఛను ఆగిపోతుందని, దానికంటే నీ సంతోషం ముఖ్యమని "పోతే పోనీ" అన్నాను. నీ కూడును తేలిగ్గా తీసి కాదు. ఆ ముక్క నిన్ను నొప్పించిందని తెలిసి నాకు అన్నం దిగలేదు.

ఇంకా ఉంది. గోవిందసామికి పంపిన అట్ట పెండ్లి పత్రిక. తమిళంలో పెద్దక్షరాలతో, "లక్ష్మియమ్మాళ్ అనే చిన్నతాయికి, సుబేదారు గోవిందసామికి" అని వేశాను. పైన ఆకుపచ్చ అంచు. ఉత్తరంలో ఆయనను బావ అని పిలిచాను. కులం కట్టుబాట్లను కాలదన్నిన వీరుడన్నాను. ఆయన కోడలు అది విప్పి చదివి ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ అమ్మాయి నిన్ను మెట్ల మీదే ఆపడంలో నాకు ఆశ్చర్యం ఏమీ లేదు.

నేను మాత్రం ఒక్క మాట వదులుకోను. నా తప్పు చదవడంలో ఉంది, అభిప్రాయంలో లేదు. నువ్వు పెండ్లి చేసుకుని ఉంటే నేను రాసిన ప్రతి అక్షరం నిజమే అయ్యేది. ఆ నియమం తప్పే. కోడలిని పుట్టింటి పేరు పెట్టి పిలవకూడదన్న మర్యాద అంతకన్నా తప్పు. మీ అత్త పరువు కోసం నిన్ను లక్ష్మియమ్మాళ్‌ను చేశారు, ఆ పరువే ఈనాడు నిన్ను నీ మొగుడికి తల్లిని చేసింది. ఆడదాని పేరును అందరూ తలా ఒక రకంగా పిలుచుకుని, చివరికి రుజువు నువ్వే తెచ్చుకోమంటారు. నాకిక్కడ రక్తం మరిగిపోతోంది.

శనివారం వస్తున్నాను. నీ ఇంటికి కాదు, ముందు సైకిల్ షాపుకు. ఆ మెట్లు నేనే ఎక్కుతాను.

తలదించుకుని,
కాని పూర్తిగా కాదు,
అళగర్సామి


విరుదునగర్,
12 మార్చి 2025.

తమ్ముడు అళగర్సామికి అక్క దీవెనలు. పూర్తి దీవెనలే.

నీ జాబు చదివి మొదట ఏడ్చినా, ఆ వెనక నవ్వినా, నవ్వి నవ్వి మోకాలి నొప్పి కూడా మరిచినా. కలైసెల్వి మిల్లునుంచి వచ్చి ఏందమ్మా అని అడిగె. చెప్పేస్తిని, అన్నీ. అది పొట్ట పట్టుకొని నేలమీద కూర్చొండె. "మామ ఉంటే మన ఇంట్లో సినిమా ఏంటికి" అనె. పెన్సను కోసరం తిరిగేది నాకు చెప్పకనే దాచినావా అని ఆ తర్వాత కొంచెం అలిగె. బయపడుతుందని దాచితిని. అది బయపడలేదు. విచారణకు లీవు పెట్టి అదే వచ్చె.

శనివారం నీవు మాట్లాడి పోయినాక జరిగినది నీకు తెలీదు. ఆదివారం పొద్దున గోవిందసామి మా ఇంటికి వచ్చె. వెనక కోడలు. చేతిలో పండ్లు. ఆ పిల్ల తల వంచుకొని, "మన్నించండి అత్తా, మీ తమ్ముడు అట్లా రాసినాడు, ఎవురైనా నమ్ముతారు" అనె. ఎవురైనా నమ్ముతారు, నిజమే, నీవు రాసేది అట్లా ఉంటుంది. గోవిందసామి కుర్చీ అంచులో కూర్చొని, "వదినా, పత్రిక చూసి నాకు చెప్పకనే నా పెండ్లి అయిపాయనా అని క్యాలెండరు చూసుకొంటిని" అనె. కలైసెల్వి మళ్ళీ కూర్చొండె.

మరి ఆయన ఏంటికి దాక్కొనె అని అడిగితిని. కోపం కాదంట. నీవు రాసిన పెండ్లి నా మనసులో మాటే అయితే నన్ను ఎట్లా ఎదురుకొనేది, అబద్ధమైతే నాకెంత అవమానం, ఏదీ తెలీక ఇంట్లోనే ఉండిపోయె. సరిహద్దులో తుపాకి గుండ్లు చూసిన మనిషి, ఒక పెండ్లి పత్రికకు బయపడి మంచమెక్కినాడు.

మొన్న పదో తేదీ విచారణ. ఆఫీసరు చిన్న వయసాయన, ఓపికగా అడిగె. "ఈ రెండు పేర్లూ ఒకరివే అని మీకెట్లా తెలుసు" అని గోవిందసామిని అడిగె. ఆయన లేచి, అటెన్షన్‌లో నిలబడి చెప్పె. "అయ్యా, పందిట్లో నేను సాంబారు వడ్డిస్తా ఉంటిని. ఎవరో చిన్నతాయీ అని పిలిచిరి. అత్తా కోడలూ ఇద్దరూ తిరిగి చూసిరి. వాళ్ళ అత్త అక్కడే, ఇంక నీవు లక్ష్మియమ్మాళ్, నా పేరు నాకు వదిలెయ్యి అని చెప్పె. ఈమె సరే అనె. నా కండ్ల ముందర, నా చేతిలో గరిటె ఉండగా." ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కాగితం వెనక ముఖం పెట్టుకొనె. నాకు మాత్రం ఏడుపు వచ్చె. ముప్పై ఏండ్ల ముందర సరే అన్న ఆ పిల్లను ఎవరో చూసి గుర్తు పెట్టుకొన్నారే అని.

ఆ తర్వాత ఆఫీసరు, "రెండు పేర్లూ పక్కపక్కన అచ్చయిన కాగితం ఏదైనా ఉంటే ఇంకా సులభం" అనె. గోవిందసామి నన్ను చూసె. నేను ఆయనను చూస్తిని. ఈ లోకంలో అట్లాంటి కాగితం ఒకటే ఉండాది, నీవు అచ్చువేసిన పెండ్లి పత్రిక. అది చూపించి ఉంటే పేరు కుదిరేది, పెన్సను పోయేది. ఇద్దరమూ, "లేదు సార్" అంటిమి. ఒకేసారి.

వాంగ్మూలం రాసుకొనిరి. చాలు అని చెప్పినారు. చూద్దాము.

అక్క
చిన్నతాయి


కోవిల్‌పట్టి,
5 ఏప్రిల్ 2025.

అక్కా,

ఆ సాంబారు వాంగ్మూలాన్ని అచ్చువేసి అచ్చాఫీసు గోడమీద అంటించాలని ఉంది. నువ్వు వద్దంటావు కాబట్టి ఆగాను.

నేను ఊరుకోలేదు. కోవిల్‌పట్టిలో, కళుగుమలైలో, మనవాళ్ళ ఊళ్ళలో తిరిగి, సైన్యంలో పనిచేసి వచ్చిన ఇళ్ళన్నీ అడిగాను. పుట్టింటి పేరు ఒకటి, మెట్టినింటి పేరు ఒకటి ఉన్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మొగుడు బతికి ఉండగా ఎవరూ చూడరు. పోయాక తలుపు తట్టినప్పుడే తెలుస్తుంది, పుస్తకం లోపల ఉన్నది తాను కాదని. వాళ్ళకోసం తమిళంలో ఒక చిన్న కరపత్రం వేస్తున్నాను. మొగుడు ఉండగానే పుస్తకంలో నీ పేరు చూసుకో అని. ఈసారి పునఃపరిణయం లాంటి మాటలు ఒక్కటీ లేవు. కార్తిక చదివి, అర్థమైంది అన్నాకే అచ్చుకు పంపాను. నా కూతురు ఏ మాటైనా అర్థం కాకపోతే ముఖం మీదే చెప్తుంది, ఎవరి పోలికో.

ఇంకొకటి. పింఛను వస్తే ఏడాదికొకసారి నువ్వు మళ్ళీ పెండ్లి చేసుకోలేదని సంతకం పెట్టాలట. పెళ్ళికాని మగవాడిని, నువ్వింకా పెళ్ళికాకుండానే ఉన్నావా అని ఏ ప్రభుత్వమైనా ఏటా అడుగుతుందా? నాకు దీనిమీద ఇంకా కోపమే. కోపం వదిలేస్తే నేనే మిగలను.

నీ
అళగర్సామి


విరుదునగర్,
18 జులై 2025.

తమ్ముడు అళగర్సామికి అక్క దీవెనలు, కలైసెల్వి నమస్కారం, మనవరాలి ముద్దులు.

వచ్చేసె. కాగితం పైన "హవల్దారు ముత్తుకృష్ణన్ భార్య, లక్ష్మియమ్మాళ్ అనే చిన్నతాయి" అని ఉండాది. నీ పత్రికలో ఎట్లా వేసినావో అట్లే, అదే వరుస. ఆ అమ్మాయి చేతికిచ్చి, "అమ్మా, ఇంక మీరు ఆయనకు భార్యే" అనె. నాకు మళ్ళీ ఒకసారి పెండ్లి అయినట్టు ఉండె. ఈసారి నా పేరు నాకు విడిచిపెట్టిరి.

వైద్యం కార్డు కూడా వస్తుంది. మోకాలికి మంచి డాక్టరు ఉండాడంట. మొదటి డబ్బుతో మనవరాలికి గౌను కొంటిని. కలైసెల్వి ముఖం చూడలేదు. కొని ఇచ్చినాక చూస్తిని, నవ్వుతా ఉండె.

ఇప్పుడు పొద్దున్నే నేనూ ఆ బెంచీకి పోతా. గోవిందసామి ఒక కొన, నేను ఒక కొన. ఆడోళ్ళు వస్తే మొదట, మీ అత్త పేరేంది, మీ పేరేంది అని అడుగుతా. నీ కరపత్రం ఇస్తా. నీవు రాసిన వాటిలో మనుషులకు తెలిసేది అదొకటే.

ఏడాది సంతకం పెడితిని, మళ్ళీ పెండ్లి చేసుకోలేదని. నిజమే గదా. నీవు కోపపడు, ఆ పని నీది. నాకు ఆ కూలి తెచ్చుకొనేదానికి పడిన కష్టం తెలుసు, కొన్నాళ్ళు దాన్ని తిననీ.

ఒక మాట నీకు మాత్రమే. అందుకే ఈ తెలుగు అక్షరాల్లో రాసేది. నీవు పంపిన అట్టను గోవిందసామి పారేయలేదంట. "మంచి అట్ట వదినా, తేదీ చోటు ఖాళీగానే ఉండాది" అని పోయిన వారం బెంచీలో కూర్చొని, నన్ను చూడకనే, కుండను చూస్తూ చెప్పె.

నేనూ కుండనే చూస్తూ చెప్తిని. "దానికి మనువు ఇయ్యాల. ఇచ్చిన వెంటనే కుదరదు. విచారణ ఉంటుంది. చాలా నాళ్ళు పడుతుంది."

"పరవాలేదు వదినా, నాకు వరుసలో నిలబడేది అలవాటే" అనె.

"వు" చేర్చినది చూసుకో. ఈసారి తప్పు లేదు.

ఈ ఏడాది సంతకం ప్రకారం పెండ్లి చేసుకోని,
నీ అక్క
లక్ష్మియమ్మాళ్ అనే చిన్నతాయి